గుప్పెడు బాదం… దేనికి బదులు?

ప్రశ్న: నా వయసు 54. థైరాయిడ్ ఉంది. మా వారికి 59, ఆరేళ్లుగా షుగర్, మూడేళ్ల కిందట కిడ్నీలో రాయి తీయించాం. మా అబ్బాయి డాలస్ నుంచి వస్తూ రెండు పెద్ద సంచుల బాదం, ఒక సంచి అక్రోట్లు తెచ్చి, అందరూ రోజూ తినండని గట్టిగా చెప్పి వెళ్లాడు. పొద్దున థైరాయిడ్ మాత్ర వేసుకోగానే నానబెట్టిన బాదం గుప్పెడు, సాయంత్రం అక్రోట్లు గుప్పెడు తింటున్నాను. మా వారికి ఇవి నచ్చవు, రాత్రి టీవీ ముందు ఉప్పు కారం చల్లి వేయించిన జీడిపప్పు తింటారు. అందులో కొలెస్ట్రాల్ ఎక్కువని పక్కింటావిడ అంటున్నారు. మా అత్తగారికి 80 ఏళ్లు, బాదం వేడి చేస్తుందని ముట్టరు. రెండు నెలల్లో నా బరువు రెండు కిలోలు పెరిగింది. అబ్బాయి ఇంకా పంపుతానంటున్నాడు. మా రెండేళ్ల మనవడికి కూడా పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీరు చివర అడిగిన మనవడి సంగతే ముందు చెబుతాను. మిగతావి నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ఈ రోజే తెలియాలి. రెండేళ్ల పిల్లవాడి చేతికి బాదం గింజ గానీ, జీడిపప్పు గానీ, పల్లీ గానీ ఇవ్వకండి. ఇంట్లో ఎవరైనా తింటూ ముద్దుగా ఒకటి అందించబోయినా వద్దనండి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, పనిచేస్తున్న ఆసుపత్రికి ఒక బాబును తీసుకొచ్చారు. ఏడాదిన్నర ఉంటుంది. పది రోజులుగా దగ్గు, రాత్రిళ్లు పిల్లికూతలు. మందులు మార్చి మార్చి వాడారు, తగ్గలేదు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. పిల్లల డాక్టరు గారు తల్లిని కూర్చోబెట్టి ఒక్కటే అడిగారు: "దగ్గు మొదలైన రోజు బాబు ఏం తింటున్నాడమ్మా?" ఆమె కాసేపు ఆలోచించి, "వాళ్ల నాన్న పల్లీలు తింటుంటే ఒళ్లో కూర్చున్నాడండీ" అంది. మత్తు ఇచ్చి, సన్నని గొట్టం పంపి చూస్తే కుడి ఊపిరితిత్తికి వెళ్లే దారిలో ఒక పల్లీ బద్ద ఇరుక్కుని ఉంది. తడికి ఉబ్బి, అంచులు మెత్తబడి, చిటికెన వేలి గోరంత ఉంది. దాన్ని చిన్న స్టీలు పళ్లెంలో పెట్టి తల్లికి చూపించినప్పుడు ఆమె ముఖం ఎలా అయిపోయిందో నాకు ఇప్పటికీ గుర్తే.

పల్లీలు, బాదం ఎక్స్‌రేలో కనబడవు. పసిపిల్లలకు నమిలే దవడ పళ్లు పూర్తిగా రావు, వచ్చినా నమలడం సరిగా అలవడదు. నవ్వుతూనో ఏడుస్తూనో ఊపిరి పీల్చినప్పుడు గింజ కొండనాలుక దాటి గాలిగొట్టంలోకి జారుతుంది. కుడివైపు గొట్టం వెడల్పుగా, నిటారుగా ఉంటుంది కాబట్టి ఎక్కువగా అటే పోతుంది. అందుకే ఐదేళ్లు నిండే వరకూ గింజలు గింజలుగా పెట్టకూడదు. ఎప్పుడైనా తింటూ తింటూ పొలమారి, ఆ తరువాత దగ్గు వదలకపోతే, ఆ సంగతి డాక్టరుకు మీ అంతట మీరే చెప్పండి.

అయితే ఆ రుచికే వాణ్ని దూరం చేయనక్కర్లేదు. పల్లీ చట్నీతో ఇడ్లీ ఇప్పటికే తింటున్నాడంటే పల్లీలు వాడికి పడుతున్నట్టే. బాదం మెత్తగా పొడి చేసి జావలో, పాలలో కలపవచ్చు. ముద్దగా నూరింది చెంచాతో అలాగే నోట్లో పెట్టకండి, అది గొంతుకు అతుక్కుంటుంది. పల్చగా కలిపి పెట్టండి. పిల్లలకు పల్లీలు ఆలస్యంగా పెడితే ఎలర్జీ రాదని ఒకప్పుడు డాక్టర్లే అనేవారు. 2015లో లండన్ పరిశోధకులు దాన్ని తిరగరాశారు. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు) లేదా గుడ్డు ఎలర్జీ ఉన్న 640 మంది పసివాళ్లను 4 నుంచి 11 నెలల వయసులో తీసుకుని, సగం మందికి పల్లీల ఆహారం పెట్టారు, సగం మందికి పెట్టలేదు. ఐదేళ్లు వచ్చేసరికి తిన్నవాళ్లలో పల్లీ ఎలర్జీ సుమారు 80 శాతం తక్కువగా తేలింది. కాబట్టి కొత్త గింజ ఏదైనా మొదట చిటికెడు పొడిగా, పగటిపూట, పెద్దవాళ్ల కళ్ల ముందు పెట్టి చూడండి. పెదవులు వాచినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా, ఆయాసం వచ్చినా ఆలోచించకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. జీడిపప్పు, పిస్తా రెండూ ఒకే కుటుంబపు చెట్లవి. ఒకటి పడనివారికి రెండోది కూడా తరచుగా పడదు.

ఇక మీ థైరాయిడ్ మాత్ర. మీ ఉత్తరంలో నన్ను రెండోసారి ఆపిన మాట అదే: "మాత్ర వేసుకోగానే". ఈ అలవాటు మన ఇళ్లలో ఎంతమందికి ఉందో! పరగడుపున మాత్ర, పరగడుపున నానబెట్టిన బాదం, రెండూ మంచివేనని రెండూ ఒకేసారి. థైరాయిడ్ మందు పేగులోంచి రక్తంలోకి చేరడం చాలా సున్నితమైన వ్యవహారం. పీచు, సోయా, అక్రోట్లు, క్యాల్షియం, ఇనుము దానికి అడ్డుపడతాయి. అమెరికాలో అమ్మే ఈ మందు సమాచార పత్రంలో అక్రోట్ల పేరు ప్రత్యేకంగా రాసి ఉంటుంది. మాత్ర మంచినీళ్లతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట, ఏమీ తినకుండా ఆగండి. గింజలు ఇంకా వెనక్కి, పదకొండు గంటల వేళకో సాయంత్రానికో జరిపేయండి. అలా మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ పరీక్ష, అంటే మందు మోతాదు సరిపోతోందో లేదో చెప్పే రక్తపరీక్ష, చేయించుకోండి. మందు ఎక్కువగా ఒంటబట్టడం మొదలైతే మోతాదు తగ్గించాల్సి రావచ్చు. అది మీ డాక్టరు గారు చూసుకుంటారు. మందు సరిగా అందకపోతే బరువు కొంత పెరిగే అవకాశం కూడా ఉంది, ఆ రెండు కిలోల్లో దాని వాటా ఎంతో ఈ పరీక్షే చెబుతుంది.

కానీ పెద్ద వాటా గింజలదేనని నా లెక్క. 30 గ్రాముల బాదంలో సుమారు 170 కేలరీలు, అంతే అక్రోట్లలో సుమారు 195. రెండూ కలిపితే కప్పున్నర పైన అన్నంతో సమానం. అమ్మా, మీరు ఈ రెండు గుప్పిళ్లూ తినడం మొదలుపెట్టాక, పాత తిండిలో ఏం తగ్గించారు? ఉదయం ఇడ్లీలు అన్నే, మధ్యాహ్నం అన్నం అంతే, నాలుగింటికి టీలో బిస్కెట్లు అవే అయితే, రెండు నెలల్లో రెండు కిలోలు పెరగడంలో ఆశ్చర్యం లేదు. మీ అబ్బాయి ప్రేమగా తెచ్చినవి మీ పళ్లెంలో దేన్నీ పక్కకు జరపలేదు, దాని పైన వచ్చి కూర్చున్నాయి.

గింజల మీద జరిగిన పరిశోధనలన్నిటినీ ఈ ఒక్క ప్రశ్న పట్టుకునే చదవాలంటాను. కాలిఫోర్నియాలో అడ్వెంటిస్టు క్రైస్తవులు 31 వేల మందిపై జరిగిన అధ్యయనం 1992లో వెలువడింది. వారానికి నాలుగుసార్ల కంటే ఎక్కువ గింజలు తినేవారిలో గుండెజబ్బు ముప్పు, అరుదుగా తినేవారితో పోలిస్తే దాదాపు సగమే కనిపించింది. గింజలు తినేవారికి మిగతా మంచి అలవాట్లూ ఉండి ఉండవచ్చు కదా అనే సందేహం సహజం. దానికి జవాబుగా స్పెయిన్‌లో 7,400 మందికి పైగా మనుషులతో పెద్ద ప్రయోగం చేశారు. ఒక వర్గానికి రోజూ 30 గ్రాముల గింజలు ఉచితంగా ఇచ్చారు, అందులో సగం అక్రోట్లే. దాదాపు ఐదేళ్లలో గుండెపోటు, పక్షవాతం వంటివి ఆ వర్గంలో 30 శాతం దాకా తగ్గాయి, పక్షవాతంలో తేడా మరీ స్పష్టంగా కనిపించింది. 2013లో అచ్చయిన ఆ నివేదికలో మనుషులను వర్గాలుగా విడదీసిన తీరులో లోపాలు దొరికాయి. 2018లో దాన్ని వెనక్కు తీసుకుని, లెక్కలు మళ్లీ కట్టి అచ్చు వేశారు. ఫలితం దాదాపు అక్కడే నిలబడింది. తప్పు బయటపడ్డాక కూడా నిలిచిన ఫలితం కాబట్టే నేను దాన్ని నమ్ముతాను.

ఆ స్పెయిన్ వాళ్లు ఆ గింజలను జంతికల మీద, మిఠాయిల మీద అదనంగా తినలేదు. మొత్తం భోజనమే మార్చుకున్నారు: కూరగాయలు, పప్పుదినుసులు, చేపలు పెరిగాయి, మిఠాయిలు, కొవ్వు మాంసం తగ్గాయి. అక్రోట్లలో ఒమేగా-3 రకం కొవ్వు ఉంది, బాదంలో విటమిన్ ఇ, పీచు ఉన్నాయి, అన్నిట్లోనూ చెడు కొలెస్ట్రాల్‌ను తగ్గించే మంచి కొవ్వు ఉంది. అవి నెయ్యి, డాల్డా, మైదా ఉన్నచోటికి వచ్చినప్పుడు గుండెకు మేలు చేస్తాయి. మీరు చేయవలసింది ఇంతే: రెండు గుప్పిళ్లను ఒకటి చేయండి, ఆ ఒకటి టీతో తినే బిస్కెట్లను తీసేసి వాటి స్థానంలో పెట్టండి. పది బాదం, నాలుగు అక్రోటు బద్దలు. గింజలు తినేవారు ఇలా మార్చుకున్నప్పుడు బరువు పెరగరని చాలా ప్రయోగాల్లో తేలింది, కడుపు నిండిన భావం ఎక్కువసేపు ఉంటుంది. బాగా నమిలినా బాదంలోని కొవ్వు అంతా ఒంటబట్టదు కూడా. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు కొలిచి చూస్తే 28 గ్రాముల బాదం నుంచి శరీరానికి అందినవి 129 కేలరీలే, డబ్బా మీద రాసే 170 కాదు.

మీ వారి విషయానికి వస్తే, పక్కింటావిడ మాటను ముందు పక్కన పెడదాం. జీడిపప్పులో కొలెస్ట్రాల్ చుక్క కూడా లేదు. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే ఉంటుంది, ఏ చెట్టు గింజలోనూ ఉండదు. చెన్నైలో షుగర్ ఉన్న 300 మందికి 12 వారాల పాటు ప్రయోగం చేశారు. వాళ్లలో సగం మందికి రోజూ 30 గ్రాముల ఉప్పు లేని పచ్చి జీడిపప్పు ఇచ్చారు. వాళ్లకు బరువు పెరగలేదు, షుగర్ పెరగలేదు, మంచి కొలెస్ట్రాల్ కొంత పెరిగింది, రక్తపోటు పై అంకె కొంత తగ్గింది. జీడిపప్పుకు ఆ చెడ్డపేరు న్యాయం కాదు.

పలాసలో ఒకసారి జీడి గింజలు కొట్టే పనిచోటికి వెళ్లాను. ఒకావిడ నాతో మాట్లాడుతూనే గింజ మీద దెబ్బ వేసి, పప్పు చిట్లకుండా తీసి గంపలో వేస్తోంది. ఆమె బొటనవేలు, చూపుడువేలు కొసలు నల్లగా, తోలు ఊడి ఊడి మళ్లీ వచ్చినట్టు ఉన్నాయి. పెంకులో ఉండే జీడినూనె చర్మాన్ని కాలుస్తుంది. చాకలివారు ఒకప్పుడు బట్టల మీద గుర్తు పెట్టడానికి వాడిన నల్లజీడి కూడా ఈ కుటుంబానిదే. పప్పుగా మన చేతికి వచ్చేసరికి ఆ కాల్చే గుణం ఉండదు. ఆ వేళ్లను చూశాక గుప్పిళ్లకొద్దీ జీడిపప్పు టీవీ చూస్తూ, లెక్క లేకుండా నోట్లో వేసుకోవడం నాకు మనస్కరించదు.

కానీ మీ వారికి నేను జీడిపప్పు తగ్గించమనే చెబుతాను, కారణం కొలెస్ట్రాల్ కాదు. ఒకటి ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాముల ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. షుగర్ ఉన్నవారికి రక్తపోటు తోడు కావడం ఎంత సులువో మీకు తెలియనిది కాదు. రెండోది కిడ్నీ రాయి. తీసిన రాయిని పరీక్షకు పంపి ఉంటే ఆ కాగితం వెతికి చూడండి. మనలో ఎక్కువమందికి వచ్చేది క్యాల్షియం ఆక్సలేట్ రాయి. అదే అయితే, ఆ రాయి కట్టడానికి కారణమయ్యే ఆక్సలేట్ అనే పదార్థం బాదంలో చాలా ఎక్కువ, జీడిపప్పులో కూడా తక్కువేమీ కాదు. కాబట్టి మీ అబ్బాయి తెచ్చిన బాదం ఆయనకు నచ్చకపోవడం ఒక రకంగా మంచిదే అయింది! ఆయనకు నాలుగైదు అక్రోటు బద్దలు, లేదా ఉప్పు లేని పిస్తా పదిహేను ఇరవై పెట్టండి. వీటిలో ఆక్సలేట్ తక్కువ. అవి కూడా రాత్రి టీవీ ముందు కాకుండా, పెరుగన్నం తినే పూట భోజనంలోనే పెట్టండి. పెరుగులోని క్యాల్షియం కడుపులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని మలంతో బయటకు పంపేస్తుంది. రాయి భయంతో పాలు, పెరుగు మానేసేవాళ్లను చాలామందిని చూస్తుంటాను, వాళ్లు చేసేది సరిగ్గా తలకిందులు. మూత్రం నీళ్లలా తేటగా వచ్చేంత నీళ్లు తాగాలి.

మరొక పరీక్ష కూడా తప్పదు. షుగర్ ఆరేళ్లు దాటింది, రాయి కూడా ఒకసారి వచ్చింది, కాబట్టి కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రంలో ప్రోటీన్ ఏటా చూడాలి. కిడ్నీ పని తగ్గిందని తేలితే గింజల్లోని పొటాషియం, ఫాస్ఫరస్ లెక్క వేరే ఉంటుంది. అప్పుడు ఎన్ని తినాలో కిడ్నీ డాక్టరును అడక్కుండా ఒక్కటి కూడా పెంచవద్దు.

అత్తగారిని బలవంతం చేయకండి. "వేడి చేస్తుంది" అనే మాటను కొట్టిపారేయడం నాకు ఇష్టం ఉండదు. పెద్దవాళ్లు ఆ మాటతో చెప్పేవి నిజమైన బాధలే: కడుపులో మంట, నోరు పూయడం, మలబద్ధకం. కొవ్వు, పీచు ఎక్కువున్న గింజలు ఒక్కసారిగా తిని, నీళ్లు తక్కువ తాగితే ముసలి కడుపుకు అవన్నీ రావచ్చు. పైగా ఎనభై ఏళ్ల చిగుళ్లతో బాదం నమలమంటే ఎలా? నాలుగు బాదం నానబెట్టి నూరి, పాలలో కాచి ఇవ్వండి. తాగితే తాగుతారు. లేకపోతే ఆవిడకు అలవాటైన నువ్వుల పొడి, పల్లీల పొడి అన్నంలో కలపండి, అవీ ఈ లెక్కలోవే. నానబెట్టడం వల్ల పోషకాలు ఎక్కువ అందుతాయని అందరూ అంటారు గానీ, న్యూజిలాండ్‌లో కొలిచి చూస్తే నానినవాటికీ నాననివాటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. నమలడం సులువవుతుంది, అంతవరకు మంచిదే. పొట్టు మాత్రం మీరు తీయకండి. పీచు, మేలు చేసే ఇతర పదార్థాలు కొంత అందులోనే ఉంటాయి. అత్తగారికి తీసి పెట్టండి.

ఇంతకూ మన పల్లీలను మీరు ఉత్తరంలో ఒక్కసారి కూడా తలచుకోలేదు! వృక్షశాస్త్రం ప్రకారం అవి కందులకు, పెసలకు చుట్టాలు, కానీ గుణంలో బాదం సరసన కూర్చోగలవు. 100 గ్రాముల్లో ప్రోటీన్ 25 గ్రాముల దాకా ఉంటుంది, బాదంలో అది 21. ధరలో ఎంత తేడానో మీకు తెలుసు. అనంతపురం రైతు పండించింది డాలస్ నుంచి వచ్చినదానికి ఏమీ తీసిపోదని మీ అబ్బాయికి చెప్పండి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో రోజుకు 2,000 కేలరీల భోజనంలో గింజలు, నూనె గింజలు కలిపి 35 గ్రాములు ఉండాలంది. మీ ఇడ్లీలోకి చేసే పల్లీ చట్నీ, పులిహోరలో పల్లీలు, నువ్వుల పొడి అన్నీ ఆ 35 గ్రాముల్లోకే వస్తాయి. చట్నీ చేసిన రోజు బాదం సగం చేసుకోండి.

పల్లీల విషయంలో భయపడాల్సింది ఒక్కటే, బూజు. ఒకరకం బూజు గింజ మీద పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. కాలేయ క్యాన్సర్‌కు అది రుజువైన కారణం. 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 106 మంది చనిపోయారు. మన హైదరాబాదు పోషకాహార సంస్థ వాళ్లే అక్కడికి వెళ్లి కారణం బయటపెట్టారు. వేయించినా, ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు. మా అమ్మమ్మ పల్లీలు చేటలో పోసి, గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని, ముడుచుకుపోయినవీ రంగు మారినవీ పుచ్చినవీ ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టేది. "ఒక్క చేదు గింజ చట్నీ అంతా పాడు చేస్తుంది" అనేది. విషం ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ గింజల్లోనే. ఏరిన వాటిని కోళ్లకు కూడా వేయకండి, పారేయండి. వానాకాలంలో పల్లీలు నెలల తరబడి నిల్వ చేయకుండా కొంచెం కొంచెం తెచ్చుకోండి.

అబ్బాయిని ఇప్పుడే ఇంకా పంపవద్దనండి. ఉన్నవే మీకు నెలలకు సరిపోతాయి. వారానికి సరిపడా సీసాలో తీసుకుని, మిగతా బాదం, అక్రోట్లు గాలి చొరని డబ్బాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. గోదావరి ఒడ్డు ఉక్కపోతలో అవి బయట ఉంటే త్వరగా పాడవుతాయి, ముందు పాడయ్యేది అక్రోట్లే. ఈ రోజు తెరిచిన సంచిలోంచి ఒక బద్ద విరిచి వాసన చూసి, కొంచెం కొరకండి. పాత నూనె కనరు వాసన వచ్చినా, నాలుక చివర చేదుగా తగిలినా, ఎంత ఖరీదు పెట్టి తెచ్చినా ఆ సంచి తినకండి.